పన్నెండడుగుల గాలం కర్ర

జూన్ 15, ఆదివారం

ఈ రోజు చర్చిలో జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను. రేపెవరైనా మాట మారిస్తే కనీసం నాకైనా సరిగ్గా గుర్తుండాలి.

వాక్య ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే "ప్రార్థన విన్నపాలు ఉన్నవాళ్లు చెప్పండి" అన్నారు. ఒకాయన మోకాళ్ల నొప్పి చెప్పాడు. ఒకావిడ కొడుకు ఉద్యోగం చెప్పింది. నేను లేచాను. "నా భార్య సుజితకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. పాయకరావుపేట అవతల స్కూలుకి వేశారు. పదవి మీద ఆశ ఆమె మనసులోంచి తీసేయమని సంఘం ప్రార్థించాలి" అన్నాను. ఇందులో తప్పేముంది? రోడ్డు మీద చెప్పలేదు కదా. సొంత సంఘంలో, దేవుడి సన్నిధిలో చెప్పాను.

అయ్యగారు మోకాళ్ల నొప్పిని ఒక్క వాక్యంలో ముగించి సుజిత దగ్గర చాలాసేపు ఆగారు. "నీ దాసురాలు సుజితమ్మను పదవీ వ్యామోహం నుండి విడిపించు ప్రభువా" అని మూడు రకాలుగా అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి సుజిత గొంతు స్పష్టంగా వినిపించింది. ఆవిడ కూడా ఆమెన్ అంది కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

బయటికి వచ్చాక మాత్రం నా స్కూటర్ ఎక్కలేదు. ఆటోలో వెళ్లిపోయింది. నేను ఇంటికి చేరేసరికి సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది.

జూన్ 16

వెళ్లిపోయింది. వెళ్లేముందు కాఫీ ఇచ్చింది.

"సంఘం అంతా ప్రార్థన చేసింది కదండీ. దేవుడు విన్నట్టే ఉన్నాడు. నాకిప్పుడు ఆశేమీ లేదు. ఆర్డరు ఉంది, అందుకని యెల్తున్నాను."

రోజూ వెళ్లి రావడం మనిషి చేసే పని కాదని నెల్లాళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇక్కడ నర్సీపట్నం నుంచి తునికి ఒక బస్సు, తాండవ వంతెన దాటడానికి ఒక ఆటో, ఆ పైన ఇంకో ఆటో. దుమ్ము, గుంతలు, నడుం. కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి, కుదుపుల సంగతి నాకు తెలియదా? "రోజూ రాను లెండి. అక్కడే గది తీసుకుంటాను" అంది. నా వాదనకి అది జవాబు కాదు.

జూన్ 18

కుక్కర్లో అన్నం బాగానే వచ్చింది. పప్పు సంగతి రాయను.

జూన్ 22, ఆదివారం

ఆదివారానికి వస్తుందనుకున్నాను. రాలేదు. స్కూల్లో ఏదో తనిఖీ ఉందని చర్చిలో చెప్పాను. ఆదివారం నాడు తనిఖీ ఏమిటని ఎవరూ అడగలేదు. అదే ఇంకా బాధ.

మా ఎదురింటి ఎస్తేరమ్మ గారు స్త్రీల సమాజానికి పెద్ద. మెట్ల దగ్గర నన్ను ఆపింది. "మన పార్దన పన్జేసిందేటి బాబూ?" అంది. దేవుడికి తన సమయం ఉంటుందన్నాను. "అవున్లే. ఆయన బేగీ సెయ్యడు" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

జూన్ 24

సాయంత్రం ఫోన్ చేశాను. బీపీ మాత్రలు కనబడలేదు, అందుకు.

ఫోన్లో హోరు. "ఏటది, ఫ్యానా?" అన్నాను.

"సముద్రం."

"సముద్రం దగ్గర నీకేం పని?"

"పెంటకోటలో గది దొరికింది. స్కూలయ్యాక ఒడ్డు మీద కాసేపు నడుస్తున్నాను. మాత్రలు అల్మారాలో ఎడం పక్కనున్నాయి, చూసుకోండి."

ఉన్నాయి. ఎడం పక్కనే.

జూన్ 26

సర్ఫ్ ఫిషింగ్ నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. అంటే పడవ, వల ఏమీ లేకుండా ఒడ్డునే నిలబడి, పొడవాటి కర్రతో అలల అవతలికి గాలం విసరడం. ఇది కొత్త పిచ్చి కాదు. చిన్నప్పుడు ఏటికొప్పాకలో మేనమామ ఇంటికి వెళ్తే వరాహ నదిలో వెదురు కర్రతో గాలం వేసేవాణ్ణి. ఒక్క చేప కూడా పడలేదన్నది వేరే విషయం. ఆసక్తి పాతదే.

స్థలం పెంటకోట అనుకుంటున్నాను. రేవుపోలవరం కూడా ఉంది కానీ, పెంటకోట ఇసుక గాలానికి మంచిదని విన్నాను. ఎవరు చెప్పారో గుర్తులేదు.

సుజితకూ దీనికీ సంబంధం లేదు.

జూన్ 30

స్టాఫ్ రూములో రాఘవతో చెప్పాను. తెలుగు లెక్చరర్. పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టని మనిషి. "సముద్రం లేని ఊళ్లో సముద్రపు గాలమేటండీ మాస్టారూ?" అన్నాడు. పెంటకోట వెళ్తానన్నాను. "మేడమ్ గారక్కడేగా ఉన్నారు?" అన్నాడు. అవునా, ఆ సంగతి నాకు తట్టనే లేదన్నాను. నా ముఖం వైపు కాసేపు చూసి టీ తెచ్చుకోవడానికి వెళ్లాడు.

తర్వాత పీరియడ్ ఖాళీ. ఇద్దరం కూర్చుని ఫోన్లో వీడియోలు చూశాం. ముందు పొడవు తేల్చాలి. అలలు విరిగే గీత దాటి ఎర పడాలంటే కర్ర కనీసం పదడుగులుండాలి. పద్నాలుగడుగులదైతే దూరం వెళ్తుంది కానీ యాభై దాటిన భుజం దాన్ని సాయంత్రమంతా మోయలేదు. పన్నెండు సరైనదని నేను తేల్చాను. రాఘవ పదకొండు చాలంటాడు. చేపలు తినని వాడికి ఒక అడుగు తగ్గించాలని ఎందుకంత పట్టుదలో అర్థం కాలేదు.

జూలై 2

కర్రల్లో మూడు రకాలు. ఏకాండీగా ఉండేది విసరడానికి గొప్పగా ఉంటుందట, కానీ బస్సులోకి ఎక్కదు. ఒక దాంట్లోకి ఒకటి దూరిపోయేది సంచీలో పడుతుంది, కానీ గొట్టాల మధ్య ఇసుక చేరితే బిగుసుకుపోతుంది. మూడు ముక్కలుగా విప్పి బిగించుకునేదే మధ్యేమార్గం. ఫైబర్ గ్లాసుదైతే మొరటుగా మోటుగా ఉన్నా త్వరగా విరగదు. కార్బన్‌ది తేలిక, కానీ రాయికి తగిలితే చెప్పకుండా విరుగుతుంది. ఎంత బరువు విసరగలదో కర్ర మీదే రాసి ఉంటుంది. నాకు నూరు గ్రాముల సీసపు గుండు హాయిగా విసిరేది కావాలి. ఎందుకంటే వానాకాలం అలలు తేలిక గుండుని ఒడ్డుకి తోసేస్తాయి.

ఇంత శ్రద్ధగా నేను పెళ్లిచూపులకి కూడా వెళ్లలేదు. అప్పుడు అయ్యగారూ మా అమ్మా కలిసి తేల్చేశారు.

జూలై 6, ఆదివారం

రాలేదు. ఫోను చేస్తే టెన్త్ పిల్లలకి స్పెషల్ క్లాసులట.

కాకినాడ నుంచి మా అమ్మాయి సారా ఫోన్ చేసింది. అక్కడ ఇంజినీరింగ్ చదువుతోంది. "నాన్నా, గాలం కర్రకి ఆర్డరు పెట్టావట. రాఘవ అంకుల్ స్టేటస్ పెట్టారు" అంది. రకం, పొడవు, బరువు అన్నీ వివరించాను. ఓపిగ్గా విని, "అమ్మ మీద కోపం పోయిందా?" అంది. కోపం నాకు కాదు, మీ అమ్మకి అన్నాను. "మరి అమ్మతో మాట్లాడావా?" అంది. మాత్రల గురించి మాట్లాడానని చెప్పాను.

జూలై 9

కర్ర వచ్చింది. హాల్లో మూడు ముక్కలూ బిగించి చూస్తే వంటింట్లోకి పొడుచుకుపోయింది. అందంగా ఉంది.

జూలై 12

పొరపాటు జరిగింది. రీలు విషయంలో.

రీళ్లకి చెప్పులకున్నట్టే నంబర్లుంటాయి. గేరు నిష్పత్తి బాగుంది కదా అని 2500 నంబరుది తెప్పించాను. ఫిజిక్సు ప్రకారం లెక్క సరైనదే. కానీ బిగించి పట్టుకుంటే కర్ర ముక్కు నేలకి వాలిపోతోంది. అది చెరువులో చిన్న చేపలకి చేసిన రీలట. దారం కూడా చాలినంత పట్టదు. సముద్రపు కర్రకి ఐదువేలకి తక్కువ నంబరు పెట్టకూడదని అదే వీడియోలో చివర్లో చెప్పాడు. చివరిదాకా ఎవరు చూస్తారు?

రాఘవకి చూపించాను. "రెండూ మంచివే మాస్టారూ. కలిపి కొనాల్సింది, విడివిడిగా కొన్నారు" అన్నాడు. తెలుగు లెక్చరర్లతో ఇదే చిక్కు. ఏదన్నా ఇంకేదో అన్నట్టుంటుంది. నేను రీలు గురించే మాట్లాడుతున్నానని ఖచ్చితంగా చెప్పాను. "నేను కూడా రీలు గురించేనండీ" అన్నాడు.

జూలై 19

6000 నంబరు రీలు వచ్చింది. ఇంతకంటే పెద్దది పెడితే మణికట్టు లాగేస్తుంది. చేతి పట్టు దగ్గర రీలు కాలు సరిగ్గా కూర్చుంది, ఇటూ అటూ కదలదు. వేలి మీద అడ్డంగా ఆనిస్తే కర్ర ముక్కు వాలలేదు. రీలు నెత్తిన ఉండే బిరడా బిగిస్తే దారం ఆగుతుంది, వదులు చేస్తే పెద్ద చేప లాగినప్పుడు తెగకుండా కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఇదే అసలు కీలకం. పూర్తిగా బిగించేసేవాడు మొదటి గుంజుకే దారం పోగొట్టుకుంటాడని వీడియోలో చెప్పాడు. ఈసారి చివరిదాకా చూశాను.

తరగతిలో కూడా ఇదే ఉదాహరణ చెప్పాను. పిల్లలు నిద్రపోలేదు.

సాయంత్రం హాల్లో కూర్చుని రీలు తిప్పుతూ ఉన్నాను. చప్పుడు చాలా మెత్తగా ఉంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో దాని వల్లే తెలిసింది.

జూలై 24, గురువారం

ఒక చిన్న ప్రమాదం.

పెంటకోట వెళ్లేముందు విసరడం అలవాటు కావాలని సాయంత్రం మేడ ఎక్కాను. గాలం ముల్లు కట్టలేదు, జాగ్రత్త మనిషిని. దారం చివర నూరు గ్రాముల గుండు మాత్రం కట్టాను. మొదటి రెండుసార్లు గుండు నా కాళ్ల దగ్గరే పడింది. మూడోసారి భుజం, నడుం, మణికట్టు అన్నీ కలిసొచ్చాయి. గుండు చింత చెట్టు దాటి, రోడ్డు దాటి, అద్భుతంగా వెళ్లింది. వెళ్లి ఎస్తేరమ్మ గారి రేకుల షెడ్డు మీద పడింది.

గురువారం అక్కడ స్త్రీల సమాజం కూడుతుందన్న సంగతి నాకు గుర్తులేదు. ఆ సమయానికి వాళ్లు కళ్లు మూసుకుని ప్రభువు రాకడ కోసం ప్రార్థిస్తున్నారు. నెత్తి మీద రేకు పిడుగు పడ్డట్టు మోగేసరికి సగం మంది మోకాళ్ల మీద పడిపోయారు, సగం మంది చెప్పులు వదిలేసి బయటికి పరిగెత్తారు. ఎస్తేరమ్మ గారు ఒక్కతే తల పైకెత్తి చూసింది. తంగూసు దారం కనబడింది. దాన్ని చేత్తో పట్టుకుని రోడ్డు దాటుకుంటూ మా గేటు దాకా వచ్చింది. పైన నేను ఇంకా కర్ర పట్టుకునే ఉన్నాను.

"అయ్యో దయాకరూ, నువ్వేనేటి? మేం ఎవులో అనుకున్నాం" అంది. ఆ గొంతులో కోపం కంటే నిరాశే ఎక్కువ వినిపించింది.

జూలై 27, ఆదివారం

వాక్యం అయ్యింది. అయ్యగారు విన్నపాలు అడిగారు. ఎస్తేరమ్మ గారు లేచింది.

"మన దయాకరు బాబు గురించి అందరూ పార్దన సెయ్యండి. పెళ్లాం దూరమైపోయిందని మతి సెదిరిపోనాది. మేడెక్కి గాలాలిసురుతున్నాడు. నా కళ్లారా సూసేను. మంచోడే, సదువుకున్నోడే. పెబువు ఆ బుద్ది నిలబెట్టాల" అంది.

ఆవిడ ఎగతాళికి అనలేదు. కళ్లలో నీళ్లున్నాయి. అది ఇంకా ఘోరం. అయ్యగారు నా పేరు పెట్టి మొదలుపెట్టారు. "నీ దాసుడు దయాకర్ బాబు వేదనలో ఉన్నాడు ప్రభువా, అతని చిత్త చాంచల్యాన్ని తొలగించు, మేడల మీద నుండి అతణ్ణి దింపు" అని చాలాసేపు ప్రార్థించారు. ముందు వరసల్లో కళ్లు మూసుకున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి నన్ను చూసి మళ్లీ మూసుకున్నారు. ఆమెన్ అని సంఘం అంతా ఒక్క గొంతుతో అంది. నేను కూడా అన్నాను. అనకపోతే బాగుండదు కదా.

ఒళ్లంతా మండిపోయింది. నా ఇంటి సంగతి వీళ్లకెందుకు? ఏదైనా ఉంటే నా దగ్గరికొచ్చి నాతో చెప్పొచ్చు. ఎదురిల్లే కదా. స్కూటర్ అక్కడే వదిలేసి నడిచొచ్చాను.

జూలై 28

నేను సుజిత గురించి చెప్పింది వేరు. అది ప్రేమతో చెప్పింది.

జూలై 29

ఎస్తేరమ్మ గారు కూడా ప్రేమతోనే చెప్పింది.

జూలై 30

వేరు కాదు.

ఆగస్టు 3, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. జ్వరమని చెప్పించాను. మధ్యాహ్నం ఎస్తేరమ్మ గారు చారు పంపింది. తాగాను.

సుజిత ఆ రోజు అందరితోపాటు ఆమెన్ అనడానికి ఎంత కష్టపడి ఉంటుందో ఈ వారం అంతా అదే ఆలోచన. వరసగా వాళ్లూ వీళ్లూ తిరిగి చూస్తుంటే, ఆవిడ కొంగు సర్దుకుని అంత స్పష్టంగా ఎలా అనగలిగిందో.

ఆగస్టు 8

రేపు రెండో శనివారం, కాలేజీ లేదు. పెంటకోట వెళ్తున్నాను. రీలుకి నూనె వేశాను. ఉప్పు నీళ్లు తగిలాక మంచినీళ్లతో కడగాలి, ఒక సీసా పెట్టుకున్నాను. చిన్న కత్తెర, టోపీ, తువ్వాలు పెట్టుకున్నాను. ఏదీ మర్చిపోలేదు.

ఆగస్టు 10, ఆదివారం, పెంటకోట

నిన్నటిది రాయాలి.

తుని బస్సులో కర్ర ముక్కల సంచీ చూసి కండక్టర్ కర్టెన్ రాడ్లా అని అడిగాడు. అవునన్నాను. వివరించే ఓపిక లేదు. వంతెన దాటి ఆటో మారి పెంటకోట చేరేసరికి ఎండ తగ్గింది. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. వలలు బాగు చేసుకుంటున్న వాళ్లు నన్ను ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు. జనం లేని చోటికి నడిచి కర్ర బిగించాను, రీలు బిగించాను. మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి విసిరాను. ఎక్కడా తడబడలేదు. గుండు అలలు విరిగే గీత దాటి అవతల పడింది. ఇన్ని రోజుల లెక్కా సరిపోయింది. చూడ్డానికి ఎవరూ లేరని కొంచెం దిగులేసింది.

"బాగా దూరం యెల్లిందండీ" అని వెనక నుంచి వినబడింది.

చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కొంచెం నలుపెక్కింది. బాగుంది.

"చేపల కోసం వచ్చాను" అన్నాను. ఆవిడ అడగకుండానే.

"ఏం ఎర ఏసేరు?"

అప్పుడు తెలిసింది. ఎర లేదు. అసలు ముల్లే లేదు. మేడ మీద కట్టిన గుండే, అలాగే ఉంది. ఇంతకాలం కర్ర, రీలు, దారం, బిరడా అన్నీ చూసుకున్నాను. చేప పట్టుకోవడానికి కావలసింది ఏదీ తేలేదు. దారం చుట్టి ఆ ఉత్త గుండుని ఆవిడ ముందు ఎత్తి చూపించాను.

సుజిత నవ్వింది. చెప్పులు కింద పడేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను గుండుని కిందికి దించాను.

"నిన్ను చూడ్డానికి వచ్చాను" అన్నాను.

"తెలుసు లెండి. ఎస్తేరమ్మ గారు ఫోన్ చేసింది. మీకోసం పార్దన చేసేరట కదా."

"చేశారు."

"ఎలాగుంది?"

"తలెత్తలేకపోయాను. సుజితా, ఆ రోజు నేను లేవాల్సింది కాదు. తప్పు చేశాను."

ఆవిడ సముద్రం వైపు తిరిగింది. ఒక అల వచ్చి మా ఇద్దరి కాళ్లూ తడిపి వెనక్కిపోయింది.

"లేచినందుక్కాదండీ. నెల్లాళ్లు బస్సు గురించి చెప్పేరు, నడుం గురించి చెప్పేరు. దేవుడికి చెప్పేరు, అయ్యగారికి చెప్పేరు, సంఘం అంతటికీ చెప్పేరు. నువ్వెళ్తే నాకు బాగోదే, ఉండిపో అని నాతో ఒక్కసారైనా అన్నారా? అలాగంటే యేటి చేద్దునో నాకే తెలీదు. మీరు అన్లేదు."

అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఇప్పుడు అనడానికి లేదు. ఆవిడ ఉద్యోగంలో చేరిపోయింది. స్కూలు గురించి చెబుతుంటే చేతులు ఊపుతూ మాట్లాడుతోంది. తుప్పు పట్టిన గేటుకి రంగు వేయించిందట. మానేసిన ఆడపిల్లల ఇళ్లకి స్వయంగా వెళ్లి ఇద్దర్ని వెనక్కి తెచ్చిందట. ఇరవై ఏళ్లుగా ఆవిడ అంత ఉత్సాహంగా మాట్లాడటం నేను వినలేదు. లేదా వినిపించుకోలేదు. ఇంటికి తిరిగి రమ్మని ఏ ముఖం పెట్టుకుని అడగను?

అందుకని ఉన్నదే అడిగాను. "నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. నేనే ఇక్కడికి వచ్చేస్తే, ఉండనిస్తావా?"

ఆవిడ కర్రని అడుగు నుంచి కొస దాకా చూసింది.

"ఒక్క గదండీ. చిన్నది. ఈ కర్రకి చోటు లేదు." వంగి చెప్పులు తీసుకుంది. "మీకైతే సర్దుతాను."

కర్ర మూడు ముక్కలవుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. తిరిగొచ్చే దారిలో వల బాగు చేసుకుంటున్న గంగులు అనే ఆయన, తన ఇంటి చూరు కింద పెట్టుకోమన్నాడు. ఇచ్చేశాను. ముల్లు లేని ఆ గాలం చూసి ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు, అడగలేదు.

సుజిత ఇప్పుడు టీ పెడుతోంది. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. కుర్చీ నాకిచ్చి తను గుమ్మం మీద కూర్చుంది. రేపు సోమవారం, నాకు మొదటి పీరియడే ఉంది. తుని నుంచి నర్సీపట్నానికి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.